ఎగిరే ఓడకు విరుగుడు



ఒక యుద్ధనౌక ఉంది. నీళ్ళ మీద తప్ప కదలలేదు. దాని మీద ఎగిరే శక్తినిచ్చే మంత్రం ఒకటి వేశాం. ఆ తర్వాత కంటికి కనబడకుండా చేసే మంత్రం ఇంకొకటి వేశాం. ఇప్పుడా ఓడ కొండలు దాటుకుని, అడవులు దాటుకుని, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న కోట మీదికి వచ్చి నిలిచింది. కోటలో తొమ్మిది దళాల సైన్యం ఉంది. కత్తి పట్టినవాడికి ఓడ అందదు, అది గాలిలో ఉంది గనుక. విలుకాడు గురిపెట్టలేడు, అది కనబడదు గనుక. ఓడ మాత్రం పైనుంచి గుళ్ళు కురిపిస్తూనే ఉంటుంది. ఎంతసేపు కొట్టినా అవి తరగవు. కాసేపటికి కోట ఖాళీ.

ఇది 1994లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ మ్యాజిక్’ అనే కంప్యూటర్ ఆటలోని ఎత్తుగడ. అమెరికాలో సిమ్‌టెక్స్ అనే సంస్థ ఆ ఆటను తయారు చేసింది, స్టీవ్ బార్సియా రూపకల్పన చేశారు, మైక్రోప్రోస్ సంస్థ విడుదల చేసింది. మూడు దశాబ్దాలు గడిచినా దాన్ని ఆడేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ ఓడ గురించి చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. మాయలు, మంత్రాలు, డ్రాగన్లు ఉన్న లోకంలో రాజ్యాలు కట్టి, వంతులవారీగా ఎత్తులు వేస్తూ శత్రువును గెలిచే ఆటలను ఫాంటసీ స్ట్రాటజీ ఆటలంటారు. ఈ కోవలో ‘మాస్టర్ ఆఫ్ మ్యాజిక్’ది పెద్దపీట. నా ఉద్దేశంలో ఆ తర్వాత వచ్చినవాటిలో చాలా ఆటలు దాని నీడలో పెరిగినవే.

ఆట ఇలా ఉంటుంది. ఆర్కానస్, మిరర్ అని రెండు లోకాలు. మీరొక మాంత్రికుడు. ఎదురుగా నలుగురు దాకా ప్రత్యర్థి మాంత్రికులు, అందరినీ కంప్యూటరే ఆడిస్తుంది. ముందే తయారుగా ఉన్న 14 మంది మాంత్రికుల్లో మెర్లిన్ ఉన్నాడు, ఫ్రేయా ఉంది, హోరస్ ఉన్నాడు, మన కాళి పేరుతో కూడా ఒకరున్నారు. ప్రాణం, మృత్యువు, కల్లోలం, ప్రకృతి, మాయ అని ఐదు విద్యలు. అన్నీ కలిపి 200 పైచిలుకు మంత్రాలు. మంత్రం వేయాలంటే మానా అనే శక్తి ఖర్చవుతుంది. చేతికొచ్చిన శక్తిని మూడు పాళ్ళు చేసుకోవాలి. కొంత నిల్వకు, కొంత కొత్త మంత్రాల పరిశోధనకు, కొంత ఒక్క వంతులో ఎక్కువ మంత్రం వేయగల నేర్పుకు. మీ కోటకు దూరంగా జరిగే యుద్ధంలో అదే మంత్రానికి మూడు రెట్ల దాకా ఖర్చు పెరుగుతుంది. మంత్రానికి ముకుతాడు వేయాలన్న ఆలోచన రూపకర్తలకు లేకపోలేదన్నమాట. చాలా శ్రద్ధగా వేశారు కూడా.

మరి ఎగిరే ఓడ ఎలా తప్పించుకుంది? అసలు దానికి విరుగుడు లేదా?

ఉంది. ఈ ప్రసంగంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. ‘ట్రూ సైట్’ అనే మంత్రం వేయించుకున్న సైనికుడి ముందు అదృశ్యం పనిచేయదు. ‘వెబ్’ అనే మంత్రం ఎగిరేదాన్ని వల పన్ని నేలకు దించుతుంది. ‘డిసెన్చాంట్ ఏరియా’ అనే మరో మంత్రం ఆ చోట ఉన్న మంత్రాలన్నిటినీ చెరిపేయడానికి ప్రయత్నిస్తుంది. అది ఏ విద్య చదివిన మాంత్రికుడైనా నేర్చుకోగలిగినదే. వల, చూపు, చెరిపివేత మూడూ ఆటలోనే ఉన్నాయి. ఎదుట మనిషి కూర్చుని ఉంటే రెండో కోట పోయేలోపు వాటిలో ఏదో ఒకటి వెతికి పట్టుకుంటాడు. కంప్యూటర్ మాంత్రికుడు పట్టుకోడు. తన సైన్యం ఎందుకు పోయిందో అతను అడగడు. నడిచే సైన్యం ఓడిన చోటికి మళ్ళీ నడిచే సైన్యాన్నే పంపుతాడు.

ఈ ఆటలాడే కుర్రాళ్ళు ఇలాంటి మంత్రాన్ని ఓపీ అంటారు, అంటే మితిమీరిన బలం ఉన్నది అని. ఆట పాడవుతోందని ఫిర్యాదు చేస్తారు, ఆ మంత్రాన్ని తగ్గించమని అడుగుతారు. నేను ఆ మాటతో ఏకీభవించను. ఓడకు ఉన్న బలంలో సగం ఓడది, మిగతా సగం ఎదుటివాడి అజ్ఞానానిది. మందు ఉన్న జబ్బుకు మనుషులు చనిపోతుంటే జబ్బును మాత్రమే తిట్టి ఊరుకోం కదా.

మన భారతంలోనే ఇందుకు గొప్ప ఉదాహరణ ఉంది. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి అనే ఆయుధం ఉంది. కవచకుండలాలు కోసి ఇచ్చి సంపాదించుకున్నది. ఎవరి మీద వేస్తే వాళ్ళు చావాల్సిందే. ఆటల భాషలో చెప్పాలంటే దానంత ఓపీ ఆయుధం ఇంకొకటి లేదు. కానీ ఒక్కసారే వాడాలి. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. ఈ సంగతి అవతలి పక్షంలో కృష్ణుడికి తెలుసు. తెలుసు గనుకే అర్జునుణ్ణి కర్ణుడికి ఎదురు పడనివ్వకుండా కాపాడుకుంటూ వచ్చాడు. యుద్ధం రాత్రిలోకి సాగిన వేళ, రాక్షసుల బలం పెరిగే ఆ చీకట్లో ఘటోత్కచుణ్ణి పంపాడు. ఘటోత్కచుడి మాయకు కౌరవ సేన తల్లడిల్లి, ఆ శక్తిని వేయమని కర్ణుడి మీద పడింది. వేయక తప్పలేదు. తిక్కన ద్రోణపర్వం చదివినవాళ్ళకు ఆ ఘట్టం గుర్తుంటుంది. అక్కడ శక్తిని ఎవరూ బలహీనపరచలేదు. దాని భయం చివరిదాకా అలాగే ఉంది. ఎదుటి పక్షంలో ఆలోచించేవాడు ఉన్నాడు గనుక అది యుద్ధాన్ని చెడగొట్టలేదు, యుద్ధానికి ఊపిరి పోసింది. కృష్ణుడి స్థానంలో ఏమీ తెలియని సేనాని ఉంటే ఆ శక్తి ఒక్క దెబ్బతో కథనే ముగించేసేది.

కంప్యూటర్‌కు ఈ కృష్ణుడి పని ఎందుకు చేతకాదు? చదరంగంలో కంప్యూటర్లు ఎప్పుడో మనల్ని దాటిపోయాయి కదా అని మీరు అడగవచ్చు. నిజమే. 1997 మేలో ఐబీఎం వారి డీప్ బ్లూ సెకనుకు దాదాపు 20 కోట్ల స్థితులు పరిశీలిస్తూ ప్రపంచ విజేత గ్యారీ కాస్పరోవ్‌ను ఆరు ఆటల పోటీలో ఓడించింది. అయితే చదరంగంలో ఒక స్థితి నుంచి వేయగల ఎత్తులు సగటున 35 మాత్రమే. వంతుకు ఒక్క పావే కదులుతుంది. మన మాంత్రికుడి యుద్ధంలో తొమ్మిది దళాలు ఒక్క వంతులోనే కదులుతాయి. ఒక్కో దళం పది రకాల పనులు చేయగలదనుకున్నా, అన్నీ కలిసి 100 కోట్ల కలయికలవుతాయి. అదీ ఒక్క వంతుకు. ఆ పైన మంత్రాలున్నాయి. ఇంకా నగరాలు కట్టడం, పరిశోధన, సంధి, వైరం ఉన్నాయి. ఇదంతా ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ మీద, ఆటగాడికి విసుగు పుట్టకముందే తేలిపోవాలి. 1994 నాటి ఇంటి కంప్యూటర్లు ఎంతటివో ఆ రోజుల్లో వాడినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

లెక్క పెద్దది కావడం ఒక్కటే కారణమైతే కంప్యూటర్లు వేగం పుంజుకున్నకొద్దీ ఈ సమస్య తగ్గి ఉండేది. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. నిప్పుల బంతి విసిరే మంత్రం ఉందనుకోండి. ఎంత దెబ్బ తగులుతుంది, ఎంత మానా ఖర్చు, ఎవరి మీద వేస్తే లాభం? ఇవన్నీ అంకెలు. ఇంత కొడితే ఇంత పోతుంది అన్న కూడికను కంప్యూటర్ మనకంటే బాగా చేస్తుంది. అదృశ్యం విలువ ఎంత? ఎగరడం విలువ ఎంత? ఒంటరిగా చూస్తే రెండూ ఎవరికీ ఒక్క గాయం కూడా చేయవు. అదృశ్యం విలువ ఎదుటి సైన్యంలో ఎవరున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ఎగిరే శక్తిని కాలిబంటుకు ఇస్తే ఒక విలువ, ఓడకిస్తే పూర్తిగా వేరే విలువ. ఓడ, ఎగరడం, కనబడకపోవడం ఈ మూడూ కలిసినప్పుడు పుట్టే భయంకరమైన శక్తి ఆ మూడింటిలో ఏ ఒక్కదాని వివరాల్లోనూ రాసి ఉండదు. మనిషి మెదడు ఆ కలయికను ఊహిస్తుంది. ఆ ఊహను నియమాలుగా రాసి కంప్యూటర్‌కు ఇవ్వాలంటే, 200 మంత్రాలున్న ఆటలో జంటలే దాదాపు 20 వేలు అవుతాయి.

దీనికి తోడు ఆటలు తయారయ్యే పద్ధతి కూడా ఒక కారణం. మంత్రాల బలాలు, ఖర్చులు విడుదల దాకా మారుతూనే ఉంటాయి. నియమాలు స్థిరపడితే గాని వాటిని ఆడటం కంప్యూటర్‌కు నేర్పలేరు. అందుకని ప్రత్యర్థి బుర్ర రాసే పని చివరికి జరుగుతుంది. చివర్లో సమయం ఉండదు. బొమ్మలు, సంగీతం ప్రచారంలో అందరికీ కనబడతాయి, ప్రత్యర్థి తెలివి కనబడదు. డబ్బు ఎటు పోతుందో ఊహించుకోవచ్చు.

ఈమధ్య కృత్రిమ మేధ ఇంత పెరిగింది కదా అనేవాళ్ళ కోసం ఒక్క ఉదాహరణ. ఓపెన్‌ఏఐ వారి వ్యవస్థ ఒకటి ‘డోటా 2’ అనే ఆటలో 2019 ఏప్రిల్‌లో అప్పటి ప్రపంచ విజేత జట్టు ఓజీని ఓడించింది. అద్భుతమైన విజయం. అయితే దాని కోసం ఆ వ్యవస్థ పది నెలల్లో, తనతో తానే, 45,000 సంవత్సరాలకు సమానమైన ఆట ఆడింది. అంత చేసినా ఆ పోటీలో ఆటలోని వందకు పైగా వీరుల్లో 17 మందినే అనుమతించారు. అంతటి వనరులున్న సంస్థే వీరుల సంఖ్య తగ్గించుకోవాల్సి వస్తే, పది మంది కూర్చుని చేసే చిన్న ఫాంటసీ ఆట ఆ దారిలో వెళ్ళలేదు.

అందుకని తయారీదారులు సులువైన దారి పట్టారు. ఆట మొదట్లో మీరు కష్టం ఎంతుండాలో ఎంచుకుంటారు. ‘మాస్టర్ ఆఫ్ మ్యాజిక్’లో అట్టడుగు మెట్టు ‘ఇంట్రో’, పై మెట్టు ‘ఇంపాసిబుల్’. మెట్టు ఎక్కినకొద్దీ ప్రత్యర్థి తెలివి పెరుగుతుందనుకుంటాం. పెరిగేది అతని ఆదాయం. అదే పొలంలో మీకంటే ఎక్కువ పండుతుంది, అదే గని నుంచి మీకంటే ఎక్కువ బంగారం వస్తుంది, మానా ఎక్కువ వస్తుంది. 1999లో వచ్చిన ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3’లో కష్టం మెట్లకు చదరంగం పావుల బొమ్మలు పెట్టారు. బంటు, గుర్రం, ఏనుగు, మంత్రి, రాజు. రాజు మెట్టు మీద మీ ఖజానా సున్నాతో మొదలవుతుంది. బొమ్మ చదరంగానిదే గాని, మారింది ఆలోచన కాదు, ఖజానా.

ఇలా చేయడం వల్ల కలిగే నష్టం అన్యాయంగా అనిపించడంతో ఆగదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటుంది. ప్రత్యర్థికి రెట్టింపు సైన్యం ఉన్నప్పుడు మీరు మామూలు ఎత్తులతో నెగ్గలేరు. ఇష్టమైన మంత్రం, వింతైన సైన్యం, ఒక కొత్త ప్రయోగం, వీటికి చోటుండదు. బతకాలంటే అతనికి అర్థం కాని ఆ ఒకటి రెండు ఎత్తులే వాడాలి. అంటే ఎగిరే ఓడే దిక్కు. కింది మెట్టులో ఓడ మీ ఇష్టం, పై మెట్టులో తప్పనిసరి. 200 మంత్రాల గ్రంథం ఆరేడు మంత్రాల పుస్తకంగా చిక్కిపోతుంది. ఆటను కష్టం చేయాలని వేసిన అడుగు ఆటను ఇరుకు చేసింది. మెట్టు ఎక్కినవాడికి ఎక్కువ లోతు దొరకాలి గాని తక్కువ దారులు మిగలకూడదు.

ఇక రెండో సులువైన దారి, మంత్రాల కోరలు పీకడం. ఫిర్యాదు వచ్చిన ప్రతి మంత్రానికీ ఖర్చు పెంచి, బలం తగ్గించి, చివరికి అన్నిటినీ పది శాతం ఇటు, పది శాతం అటు చేసే చిల్లర మంత్రాలుగా మార్చేస్తారు. అలాంటి ఆటలో లెక్క సరిపోతుంది, గుండె మాత్రం కొట్టుకోదు. మాయాలోకంలో అడుగుపెట్టేవాడు విస్తుపోవాలని వస్తాడు. ‘హీరోస్ 3’లో ఆర్మగెడాన్ అనే మంత్రం యుద్ధభూమి మొత్తాన్ని, మన సైన్యంతో సహా కాల్చేస్తుంది. నల్ల డ్రాగన్ల మీద ఏ మంత్రమూ పనిచేయదు. ఈ రెండు సంగతులూ వేర్వేరు చోట్ల చదివినవాడి మనసులో ఒక రాత్రి అవి రెండూ కలుస్తాయి. నల్ల డ్రాగన్లను మాత్రమే వెంట తీసుకెళ్ళి ఆర్మగెడాన్ వేస్తే? ఆ క్షణపు ఆనందం కోసమే కదా ఈ ఆటలు! దాన్ని తీసేస్తే మిగిలేది కూడికలు, తీసివేతలు.

ఇదే మాయ మనుషుల మధ్య ఆడినప్పుడు ఎలా ఉంటుందో చూడండి. స్వీడన్‌కు చెందిన ఇల్‌వింటర్ అనే చిన్న బృందం ‘డొమినియన్స్’ అనే ఆటల వరుస చేస్తోంది. 2024 జనవరిలో ఆరవది వచ్చింది. మంత్రాలు వందల్లో ఉంటాయి. వాటిలో కొన్ని లోకం మొత్తాన్ని తలకిందులు చేస్తాయి. దాని అభిమానులు కంప్యూటర్‌తో నేర్చుకుని, అసలు ఆట మనుషులతో ఆడతారు. వంతుల ఫైళ్ళు ఈమెయిల్లో పంపుకుంటూ ఒక్కో ఆట నెలల తరబడి సాగుతుంది. అక్కడ భయంకరమైన మంత్రం వేయడానికి సిద్ధమవుతున్నవాడి మీదికి మిగతావాళ్ళు ఏకమై వస్తారు. అతను వేసేలోపే రాజధాని ముట్టడిస్తారు. మంత్రం బలం తగ్గలేదు, దానికి జవాబు చెప్పేవాళ్ళు వచ్చారు.

కంప్యూటర్ ప్రత్యర్థి కూడా అలా తెలివిగా జవాబు చెప్పాలంటే ఒక అభ్యంతరం ఉంది, గౌరవించదగినదే. ‘సివిలైజేషన్ 4’ అనే ఆట ముఖ్య రూపకర్త సోరెన్ జాన్సన్ 2008లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఈ విషయం మీదే ప్రసంగించారు. బాగా ఆడే ప్రత్యర్థి వేరు, ఆడటానికి బాగుండే ప్రత్యర్థి వేరు అన్నది ఆయన వాదం సారం. ఆటగాడు చివరికి గెలవాలి, కంప్యూటర్ అందంగా ఓడిపోవడం నేర్చుకోవాలి. నేను దీన్ని కాదనను. రోజంతా పనిచేసి అలసిపోయి వచ్చిన మనిషిని కంప్యూటర్ ప్రతిరోజూ చితకబాదితే ఎవరికేం లాభం? కానీ అందంగా ఓడటానికైనా ఎదుటివాడు ఏం చేశాడో తెలియాలి. ఓడను చూసి భయపడి, వల కోసం వెతికి, దొరికేలోపు ఓడిపోయిన ప్రత్యర్థి మీద నెగ్గితే అది గెలుపే. ఓడను గమనించనే గమనించని ప్రత్యర్థి మీద నెగ్గితే ఖాళీ ఇంట్లోకి వెళ్ళివచ్చినట్టుంటుంది.

కంప్యూటర్‌కు ఆ తెలివి నేర్పడం సాధ్యమేనా అంటే, అవుననడానికి సాక్ష్యాలున్నాయి. ‘మాస్టర్ ఆఫ్ మ్యాజిక్’నే ఒక అభిమాని ఏళ్ళ తరబడి విప్పి, సరిచేసి, ప్రత్యర్థి ఆలోచనను తిరగరాసి ‘క్యాస్టర్ ఆఫ్ మ్యాజిక్’ అని పేరు పెట్టాడు. తర్వాత స్లిథరిన్ అనే ప్రచురణ సంస్థ దాన్ని అధికారికంగానే అమ్మకానికి పెట్టింది. ‘సివిలైజేషన్ 4’ మీద డెరెక్ పాక్స్టన్ బృందం కట్టిన ‘ఫాల్ ఫ్రమ్ హెవెన్’ అనే మాయాలోకంలో కూడా ఇదే జరిగింది. మంత్రాల సంపద అంతా మనిషి చేతిలోనే మెరిసేది, కంప్యూటర్ చేతిలో మూలుగుతూ ఉండేది. తర్వాత అభిమానులే ‘మోర్ నేవల్ ఏఐ’ అనే మార్పుల కట్ట తయారుచేసి కంప్యూటర్‌కు మంత్రం పట్టుకోవడం నేర్పారు. జీతం లేని మనుషులు తీరిక వేళల్లో చేసిన పని ఇది. అందువల్ల ఇది అసాధ్యమని తయారీదారులు అంటే నేను ఒప్పుకోను.

నన్నడిగితే ఒక చిన్న నియమం చాలు. ఆటలోకి కొత్త మంత్రం వచ్చే రోజునే మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. దీన్ని కంప్యూటర్ ఎప్పుడు వేస్తుంది? తన మీద పడితే ఏం చేస్తుంది? ఒకసారి దెబ్బ తిన్నాక రెండోసారికి ఏం మార్చుకుంటుంది? మూడో ప్రశ్నకు మహా మేధస్సు అక్కర్లేదు. కనబడని శత్రువు చేతిలో సైన్యం పోయింది, కాబట్టి వచ్చే వంతుల్లో ట్రూ సైట్ పరిశోధనకు ఎక్కువ పాలు ఇవ్వు. ఎగిరేదాని చేతిలో పోయింది, కాబట్టి వల నేర్చుకో, విలుకాళ్ళను పెంచు. ఇలాంటివి ఓ ఇరవై, ముప్పై సూత్రాలు ఉన్నా ఆ మాంత్రికుడికి ప్రాణం వస్తుంది. జవాబు రాయలేని మంత్రం ఉంటే దాన్ని అప్పటికి పక్కన పెట్టండి. 200 మూగ మంత్రాలకన్నా 80 పలికే మంత్రాలు నయం.

ఈ పని చేసి చూడాలనుకునే తెలుగు పిల్లలకు తలుపు తెరిచే ఉంది. ‘బ్యాటిల్ ఫర్ వెస్నోత్’ అనే ఆటను 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టారు. ఉచితంగా దొరుకుతుంది, దాని కోడ్ ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. అందులో మాయ చాలా నిగ్రహంగా ఉంటుంది. పర్వతం మీద నిలబడ్డ డ్వార్ఫ్ అనే మరుగుజ్జు వీరుడికి మామూలు దెబ్బ తగిలే అవకాశం 30 శాతమే, మాంత్రికుడి దెబ్బ మాత్రం ఎక్కడ నిలబడ్డవాడికైనా 70 శాతం తగులుతుంది. రాత్రయితే చీకటి పక్షపు సేనలకు 25 శాతం బలం పెరుగుతుంది, పగలు అంతే తగ్గుతుంది. అన్నీ అంకెలే గనుక కంప్యూటర్ అక్కడ మంత్రాన్ని బాగానే తూస్తుంది. వెనక్కి తగ్గడం మాత్రం దానికి చాలాకాలం సరిగా రాలేదు, గాయపడ్డ సేనను కూడా ముందుకే తోసేది. ఆ ప్రత్యర్థి ఆలోచన చిన్న చిన్న ముక్కలుగా రాసి ఉంటుంది. ప్రతి ముక్కా తనకు తాను మార్కులు వేసుకుంటుంది, ఎక్కువ మార్కులొచ్చిన పని ముందు జరుగుతుంది. లూవా అనే తేలికైన భాషలో మీరూ అలాంటి ముక్క ఒకటి రాసి చేర్చవచ్చు. తెల్లవారబోతోంది, నా సేన చీకటి పక్షానిది, గాయపడ్డవాళ్ళను ఊళ్ళోకి వెనక్కి పిలవాలి అన్న ఒక్క ఆలోచనతో మొదలుపెట్టండి. దాన్ని ఆటలో పెట్టి, మీరే ఎదురుగా కూర్చుని ఆడి చూడండి.